ఫోమ్ రోలర్: ఏది కొనాలి, ఏ కండ మీద ఎలా దొర్లించాలి

ఫోమ్ రోలర్ అంటే కండ కింద పెట్టుకుని దాని మీద దొర్లే గుండ్రటి, పొడవాటి ఫోమ్ దిమ్మ. దాన్ని కొన్నవాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే మంచం కిందకి తోసేస్తారు. కారణాలు సాధారణంగా రెండే. మొదటిసారే మరీ గట్టిది కొనడం ఒకటి, దాని మీద గబగబా పైకీ కిందకీ దొర్లడం రెండోది. అలా చేస్తే నొప్పి తప్ప ఏమీ మిగలదు. తగిన రోలర్ మీద నెమ్మదిగా, ఓర్చుకోగలిగినంత బరువుతో దొర్లిస్తే బిగుసుకున్న పిక్కలు, తొడలు వదులవుతాయి. మర్నాటి ఒళ్లునొప్పులు కాస్త తగ్గుతాయి. వంగడం, గొంతుక్కూర్చోవడం తేలికవుతుంది. విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో పొద్దున్నే నడిచేవాళ్లకైనా, గుంటూరు బి.ఆర్. స్టేడియంలో పరుగు తీసే కుర్రాళ్లకైనా, రోజంతా బట్టల షాపు కౌంటర్ వెనక నిలబడేవాళ్లకైనా పద్ధతి ఒకటే. ఎంత బరువు వేయాలన్న దగ్గరే తేడా.

రోలర్ చేసేదేమిటి

"కండలో ముడి పడింది, రోలర్‌తో విడగొట్టాలి" అనే మాట జిమ్‌లలో తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. ఉదాహరణకి తొడ పక్కన తొంటి నుంచి మోకాలి దాకా ఒక మందపాటి పట్టీ ఉంటుంది. దాన్ని పైనుంచి నొక్కి కొద్దిగా సాగదీయాలన్నా మనిషి తట్టుకోలేనంత బలం కావాలి. రోలర్ కింద ఏదీ విడిపోదు, ఏదీ కరగదు. జరిగేదంతా నరాల వైపు. చర్మంలో, కండలో ఉన్న నరాల కొసలు నిదానంగా పడే ఒత్తిడిని గుర్తించి మెదడుకి చెబుతాయి. అప్పుడు కండ బిగువు సడలుతుంది, సాగదీసినప్పుడు కలిగే నొప్పిని శరీరం ఇంకాస్త ఓర్చుకుంటుంది.

ఈ సంగతి తెలిస్తే వాడే తీరే మారిపోతుంది. ఎంత గట్టిగా నొక్కితే అంత మేలు అనుకోవడం తప్పు, ఎందుకంటే నొప్పి హద్దు దాటితే కండ తనని తాను కాపాడుకోవడానికి ఇంకా బిగుసుకుంటుంది. వదులైన ఆ స్థితి ఎక్కువసేపు నిలవదు కూడా, పది ఇరవై నిమిషాలే ఉంటుంది. ఆ లోపే స్ట్రెచింగో, గుంజీలో, ఆటో మొదలుపెట్టాలి. ఆటకి ముందు ఒక కండని నిమిషానికి మించి కదలకుండా సాగదీసి ఉంచితే కాసేపు బలం కొద్దిగా తగ్గుతుంది. రోలర్‌తో సాధారణంగా ఆ ఇబ్బంది లేదు. అందుకే ఆటగాళ్లు వార్మప్‌లో దీన్ని ఇష్టపడతారు.

ఒళ్లునొప్పుల విషయం. అలవాటు లేని శ్రమ చేసిన మర్నాడు మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండే నొప్పి ఇది. మంగళగిరి పానకాల స్వామి మెట్లు ఎక్కి దిగిన మర్నాడు తొడలు పట్టేసేది ప్రధానంగా దిగడం వల్లే. దిగేటప్పుడు తొడ ముందు కండ ఒకవైపు సాగుతూనే మరోవైపు ఒంటి బరువుని ఆపాలి. ఆ పనిలోనే కండ పోగులకి సూక్ష్మమైన దెబ్బ తగులుతుంది. రోలర్ ఆ నొప్పి తెలియడాన్ని కొంత తగ్గిస్తుంది. దెబ్బతిన్న పోగులు బాగయ్యేది మాత్రం నిద్ర, తిండి, రెండు మూడు రోజుల సమయం వల్లే.

ఏది కొనాలి

దొరికే ఫోమ్‌లు ముఖ్యంగా మూడు. తెల్లగా, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియనంత తేలిగ్గా ఉండేది ఈపీఈ. చవక, మెత్తన. రోజూ వాడితే మధ్యలో నొక్కుకుపోయి గుండ్రం చెడుతుంది. పైన చిన్న చిన్న గింజలు కనిపిస్తూ, ఎక్కువగా నల్లగా వచ్చేది ఈపీపీ. రూపం చెడదు, చాలాకాలం వస్తుంది. కానీ గట్టిది. మూడోది ఈవీఏ, చెప్పుల అడుగులకి వాడేది. ఒత్తితే కొద్దిగా లోపలికి పోయి వెంటనే పైకి వస్తుంది. చెమట పీల్చదు, తుడిస్తే శుభ్రమవుతుంది. లోపల ప్లాస్టిక్ గొట్టం పెట్టి పైన ఈవీఏ చుట్టినవి కూడా ఉంటాయి. బరువున్న మనిషి కూర్చున్నా అవి వంగవు.

మొదటి రోలర్‌గా గుబ్బలు లేకుండా, మధ్యస్థంగా మెత్తగా ఉండే ఈవీఏ తీసుకోండి. పొడవు 45 సెం.మీ., వ్యాసం 15 సెం.మీ. ఈ కొలతతో కాళ్లూ వీపూ రెండూ చేసుకోవచ్చు. వెయ్యి రూపాయల లోపే మంచివి దొరుకుతాయి. 33 సెం.మీ.ది బ్యాగులో పడుతుంది గానీ భుజాలు వెడల్పుగా ఉన్నవాళ్లు వీపు కింద పెడితే పక్కకి ఒరిగిపోతారు. 90 సెం.మీ.ది వీపుకి హాయిగా ఉంటుంది, అపార్ట్‌మెంట్ గదిలో దాన్ని ఎక్కడ నిలబెట్టాలో చూసుకోండి. 10 సెం.మీ. వ్యాసం ఉన్న సన్నవి కండకి ఆనే చోటు తక్కువ కాబట్టి లోతుగా గుచ్చుతాయి. కొత్తవాళ్లకి వద్దు. గుబ్బలు, పళ్లు ఉన్నవి రెండు మూడు నెలలు వాడాక, కావాలనిపిస్తే అప్పుడు చూసుకోవచ్చు. కరెంటుతో వణికే రోలర్లు పనిచేస్తాయి, కానీ ముందు మామూలుది వాడటం వచ్చాకే వాటికి డబ్బు పెట్టడం న్యాయం.

లావుగా ఉన్నవాళ్లు గట్టిది కొనాలని చెబుతుంటారు. కొంతవరకే నిజం. తొంభై కిలోల మనిషి కింద ఈపీఈ పూర్తిగా అణిగిపోతుంది కాబట్టి లోపల గొట్టం ఉన్న ఈవీఏ కావాలి. అంతేగానీ పైన ఫోమ్ రాయిలా ఉండనక్కర్లేదు, మీద పడే బరువు ఎలాగూ ఎక్కువే. సన్నగా ఉన్నవాళ్లకి, యాభై ఏళ్లు దాటినవాళ్లకి మెత్తనిదే సరి.

విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో షాపుకి వెళ్లి కొనగలిగితే నాలుగు పరీక్షలు చేయండి. బొటనవేలితో ఐదు సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. గుంట ఒకటి రెండు సెకన్లలో పూడాలి. నేల మీద పెట్టి తోయండి. ఒక పక్కకి తిరిగిపోతే గుండ్రంగా లేదన్నమాట. గొట్టం ఉన్నదైతే చివర్లలో ఫోమ్ అంచుని వేలితో లాగి చూడండి. గమ్ము వదిలి సందు కనిపిస్తే తీసుకోవద్దు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి, ఘాటుగా ఉంటే ఇంటికి తెచ్చాక రెండు రోజులు నీడలో గాలికి ఉంచాలి. ఆన్‌లైన్‌లో "హై డెన్సిటీ" అన్న మాటని నమ్మి కొనొద్దు. దానికి ఒక స్థిరమైన కొలత లేదు, ఒక కంపెనీ హై డెన్సిటీ ఇంకో కంపెనీ మీడియం కంటే మెత్తగా ఉండొచ్చు. ఫోమ్ రకం, వ్యాసం, ఎంత బరువు ఆపుతుంది అన్నవి చూడండి.

ఇంట్లో చేసుకోవాలంటే

హార్డ్‌వేర్ షాపులో 4 అంగుళాల పీవీసీ డ్రైనేజీ పైపు, అంటే బయటి వ్యాసం 110 మి.మీ. ఉన్నది, రెండడుగుల ముక్క కోయించుకోండి. గోడ మందం 3 మి.మీ.కి తగ్గకూడదు. పల్చటి పైపు బరువుకి చిట్లితే ఆ అంచు కత్తిలా కోస్తుంది. పైన చుట్టడానికి 6 మి.మీ. మందం ఉన్న యోగా మ్యాట్ కావాలి, పాతదైనా పరవాలేదు. మామూలు మ్యాట్ 61 సెం.మీ. వెడల్పు, 173 సెం.మీ. పొడవు ఉంటుంది. రెండడుగుల పైపుకి వెడల్పు సరిగ్గా సరిపోతుంది, పొడవు నాలుగు చుట్లు వస్తుంది, చుట్టాక వ్యాసం పదిహేను, పదహారు సెంటీమీటర్లు అవుతుంది.

పైపు అంచుల్ని ఎమరీ కాగితంతో నున్నగా రుద్దండి. పైపు మీదా, మ్యాట్ మొదటి అడుగు మీదా రబ్బరు గమ్ము పల్చగా పూసి, పది నిమిషాలు ఆగి, అంటుకునే పదునులో అతికించండి. లాగి పట్టుకుని బిగుతుగా చుట్టండి. వదులుగా చుడితే వాడేటప్పుడు పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. చివరి అంచుకి మళ్లీ గమ్ము పూసి, పాత సైకిల్ ట్యూబుతో చుట్టి రాత్రంతా ఉంచండి. టేపు రెండు కొసల్లోనే వేయాలి, మధ్యలో వేస్తే అక్కడ జారుతుంది. ఇది గట్టి రోలర్. తొడలు, పిక్కలకి బాగుంటుంది, మొదటి వారం పైన దుప్పటి మడత వేసుకుని వాడండి.

ఎవరు వాడకూడదు

ఈ భాగం దాటేసి కిందకి వెళ్లొద్దు.

ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రోలర్ తాకించకూడదు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాకో, ఆపరేషన్ తర్వాతో, కాలికి కట్టు వేసి మంచం మీద ఉన్నాకో ఇలా అయితే మరీ అనుమానించాలి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అదే రోజు డాక్టర్‌కి చూపించండి. ఆయాసమో ఛాతీ నొప్పో కూడా ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రోజంతా నిలబడి పనిచేసేవాళ్లలో, మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్లలో పిక్కల మీద నీలి నరాలు ఉబ్బి మెలికలు తిరిగి కనిపించడం మామూలే. ఆ నరాల మీద దొర్లించకూడదు. డెంగీ జ్వరంలో, తగ్గిన కొత్తలో ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటాయి. కొద్ది ఒత్తిడికే చర్మం కింద రక్తం చిమ్మి కమిలిపోతుంది, కౌంట్ మామూలుకి వచ్చేదాకా ఆగాలి. చికున్‌గున్యా తర్వాతి నొప్పులు ప్రధానంగా కీళ్లవి, వాటికి రోలర్ పనిచేయదు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, గర్భిణులు, ఈమధ్య ఎముక విరిగినవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవాళ్లు అరికాలి కింద బంతి దొర్లించొద్దు. పుండు పడినా తెలియదు.

ఆటలో ఎవరో వెనకనుంచి కొట్టినట్టు పిక్కలో టప్‌మని, నడవడం కష్టమైతే కండ చిరిగి ఉండొచ్చు. చూపించుకునేదాకా ఆ చోటుని వదిలేయండి.

నేల, బట్టలు

మన ఇళ్లలో టైల్స్, గ్రానైట్, మార్బుల్ నేల మీద రోలర్ జారుతుంది, తుడిచిన తడి మీద మరీను. చాప, జంపఖానా పనికిరావు. రోలర్‌తో పాటు అవీ జారతాయి. కింద యోగా మ్యాట్ వేయండి. పరుపు మీద చేస్తే రోలర్ లోపలికి దిగబడి ఒత్తిడి పడదు. పల్చటి ట్రాక్ ప్యాంటు వేసుకోండి, ఒట్టి చర్మం మీద వెంట్రుకలు లాగుతాయి. నువ్వుల నూనె మర్దన చేయించుకున్న రోజు స్నానం అయ్యాకే రోలర్ పట్టుకోండి. నూనె ఫోమ్‌కి పట్టిందంటే ఎంత కడిగినా జిడ్డు పోదు.

నాలుగు సూత్రాలు

వేగం సెకనుకి రెండు మూడు సెంటీమీటర్లు. పిక్క కింద నుంచి పైకి చేరడానికి పది సెకన్లు పట్టాలి. ఐదు సెకన్లలో పైకెళ్లి కిందకొస్తున్నారంటే చర్మం రుద్దుకోవడమే తప్ప కండకి ఏమీ అందడం లేదు.

నొప్పిని పదికి లెక్కేస్తే నాలుగు నుంచి ఆరు మధ్య ఉండాలి. దానికి గుర్తు ఊపిరి. పక్కనున్నవాళ్లతో మామూలుగా మాట్లాడగలుగుతూ ఉంటే సరి. పళ్లు బిగపట్టి ఊపిరి ఆపేశారంటే బరువు ఎక్కువైంది. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగపట్టడం అసలే మంచిది కాదు.

ఒక్కో కండకి అరవై నుంచి తొంభై సెకన్లు, మించితే రెండు నిమిషాలు. ఎక్కువ నొప్పి ఉన్న చోటు తగిలితే అక్కడ ఆగి ఇరవై ముప్పై సెకన్లు ఊపిరి నిదానంగా వదలండి. నొప్పి సగానికి తగ్గితే ముందుకి జరగండి, తగ్గకపోయినా జరగండి.

ఎముక మీద, కీలు మీద, మోకాలి వెనక గుంటలో, మెడ ముందు, పొట్ట మీద రోలర్ పెట్టకూడదు. మోకాలి బయటి వైపు, కాస్త కిందగా చేతికి తగిలే ఎముక గుబ్బ పక్కనుంచి ఒక నరం చర్మానికి దగ్గరగా పోతుంది. దాని మీద నొక్కితే పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది. ఎక్కడైనా సరే తిమ్మిరి, జివ్వుమనడం వచ్చిందంటే నరం మీద ఉన్నారని అర్థం. తక్షణం జరగండి.

పిక్కలు

ఇక్కడ కుదిరితే మిగతావన్నీ కుదురుతాయి.

1. మ్యాట్ మీద కాళ్లు చాపి కూర్చోండి. కుడి మడమకి పైన, గట్టి తాడులా తగిలే స్నాయువు అయిపోయి కండ మొదలయ్యే చోట రోలర్ పెట్టండి. ఎడమ మోకాలు మడిచి పాదం నేలకి ఆనించండి. చేతులు వెనక ఆనించి, వేళ్లు బయటికి తిప్పండి. వేళ్లు వెనక్కి పెడితే మణికట్టు త్వరగా నొప్పెడుతుంది.

2. మొదటి రెండు మూడు రోజులు పిరుదులు నేల మీదే ఉంచండి. కాలిని రోలర్ మీద వదిలేసి, పాదాన్ని లోపలికీ బయటికీ నిదానంగా పదిసార్లు తిప్పండి. రోలర్‌ని ఒక అంగుళం పైకి జరిపి మళ్లీ. చాలామందికి ఇదే సరిపోతుంది.

3. అది తేలిగ్గా అనిపించాక పిరుదుల్ని రెండంగుళాలు లేపి, ఒంటిని ముందుకి నడిపించండి. రోలర్ మోకాలి మడతకి నాలుగు వేళ్ల కింద ఆగాలి. బరువు ఎంత పడాలో ఎడమ పాదంతో సర్దుకోండి. ఎక్కువైతే ఆ పాదాన్ని నేలకి ఇంకా గట్టిగా నొక్కితే చాలు.

4. నొప్పి చోటు దగ్గర ఆగి, మునివేళ్లని మీ వైపు లాగి, మళ్లీ దూరంగా చాపండి. ఎనిమిది పదిసార్లు. ఈ కదలికని వదిలేయొద్దు, కదలకుండా నొక్కి ఉంచడం కంటే ఇది ఎక్కువ ఫలితం ఇస్తుంది.

5. కాలిని లోపలికి తిప్పి లోపలి కండ, బయటికి తిప్పి బయటి కండ చేయండి.

6. వారం దాటాక, ఇంకా ఒత్తిడి కావాలనిపిస్తేనే ఎడమ కాలిని కుడికాలి మీద వేసి బరువు పెంచండి.

మణికట్టు, భుజం సహకరించనివాళ్లు, నేల మీద కూర్చుని లేవలేని పెద్దవాళ్లు కుర్చీలో కూర్చుని అప్పడాల కర్రతో చేసుకోవచ్చు. రెండు చేతులతో పట్టుకుని పిక్క మీద పైకీ కిందకీ నిదానంగా దొర్లించాలి. ముందు వైపు ఎముక మీదకి రానీయొద్దు.

తొడలు, పిరుదులు

తొడ ముందు భాగానికి బోర్లా పడుకుని మోచేతుల మీద ఆనాలి. రోలర్ మోకాలి చిప్పకి నాలుగు వేళ్ల పైనుంచి తొంటి మడతకి కాస్త కింద దాకా వెళ్లాలి. చిప్ప మీదకి వెళ్లకూడదు. పొట్ట లోపలికి బిగించి ఉంచండి. వదిలేస్తే నడుం కిందకి వాలి, తొడ బాగుపడేలోపు నడుం పట్టేస్తుంది. నొప్పి చోటు దగ్గర ఆగి మోకాలిని ఐదారుసార్లు మడిచి చాపండి. మెట్లు దిగినప్పుడు, షటిల్‌లో నెట్ దగ్గరకి అడుగులు వేసినప్పుడు ఎక్కువ శ్రమ పడేది ఈ కండే.

తొడ వెనక భాగానికి నేల మీద చేస్తే బరువు సరిగా పడదు. గట్టి చెక్క కుర్చీ మీద కూర్చుని తొడ కింద టెన్నిస్ బంతి పెట్టుకోండి. మోకాలిని నిదానంగా చాపి దించండి, పదిసార్లు. బంతిని రెండంగుళాలు జరిపి మళ్లీ. ఇది రోలర్ కంటే బాగా అందుతుంది.

పిరుదులకి రోలర్ మీద కూర్చుని, కుడి మడమని ఎడమ మోకాలి మీద వేసుకుని, కుడి వైపుకి కాస్త ఒరగండి. కదలిక చిన్నగా, అరచేతి మేర ఉంటే చాలు. ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయేవాళ్లకి, బండి మీద విజయవాడకీ గుంటూరుకీ రోజూ తిరిగేవాళ్లకి దీనివల్ల చాలా హాయి. కాలు పొడవునా జివ్వుమంటే ఆపేయండి.

తొడ పక్క భాగం గురించి గట్టిగా చెప్పాల్సిందొకటుంది. పరుగు తీసేవాళ్లు మోకాలి బయటి నొప్పికి ఆ పక్క పట్టీ మీదే పళ్లు బిగపట్టి దొర్లిస్తుంటారు. ఆ పట్టీ రోలర్‌కి సాగేది కాదు, దాని కింద ఎముక దగ్గరగా ఉంటుంది కాబట్టి నొప్పి మాత్రం బాగా పుడుతుంది. దానికి పైన అతుక్కున్న కండలు రెండు. ఒకటి పిరుదు, రెండోది ప్యాంటు ముందు జేబు ఉండే చోట తొంటికి కాస్త పక్కన ఉండే చిన్న కండ. ఆ రెంటినీ చేయండి, పట్టీని వదిలేయండి.

లోపలి తొడకి బోర్లా పడుకుని మోకాలు పక్కకి మడిచి, రోలర్‌ని ఒంటికి సమాంతరంగా పెట్టాలి. గజ్జలకి అరచేయి వెడల్పు దూరంలోనే ఆపేయాలి, అక్కడ పెద్ద రక్తనాళాలు ఉంటాయి.

వీపు

రోలర్ అడ్డంగా, రెక్క ఎముకల కింది అంచు దగ్గర పెట్టుకుని వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు మడిచి, పిరుదులు నేలకి ఆనించండి. రెండు చేతుల్నీ తల వెనక అల్లి తల బరువు చేతుల మీద వేయండి, మెడ వేలాడకూడదు. ఊపిరి వదులుతూ వీపుని రోలర్ మీదుగా వెనక్కి వాల్చండి, రెండు ఊపిర్లు ఆగి పైకి రండి. ఒక అంగుళం పైకి జరిగి మళ్లీ. నాలుగైదు చోట్ల చేస్తే పూర్తయినట్టే. వాలేటప్పుడు పక్కటెముకలు పైకి ఎగదన్నుకొస్తుంటే వంపు వీపులో కాకుండా నడుంలో వస్తోందని గుర్తు. వాలే కోణం తగ్గించండి.

పక్కటెముకలు అయిపోయిన చోట రోలర్ కూడా ఆగిపోవాలి. నడుం కింద పెడితే అక్కడ ఆసరాకి పక్కటెముకలు లేవు, నడుం విల్లులా వంగి కండలు సడలకపోగా ఇంకా బిగుస్తాయి. నడుం పట్టేసినవాళ్లు నేల మీద వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టుకుని ఐదు నిమిషాలు ఉండటం మేలు. వెన్నుకి పక్కన ఉన్న కండలకి గోడకి ఆనించిన టెన్నిస్ బంతి చాలు. వెన్నెముక మీద మాత్రం బంతి రాకూడదు.

అరికాలు

పొద్దున మంచం దిగగానే మొదటి అడుగులో మడమ పోటు పెట్టేవాళ్లు కుర్చీలో కూర్చుని టెన్నిస్ బంతిని వేళ్ల మొదలు నుంచి మడమ ముందు దాకా రెండు నిమిషాలు దొర్లించాలి. పోటు ఎక్కువగా ఉంటే అర లీటరు నీళ్ల సీసా ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, పల్చటి తువ్వాలు చుట్టి ఐదు నిమిషాలు. సీసా నిండా నీళ్లు పోయొద్దు, గడ్డకట్టేటప్పుడు నీరు పెరిగి సీసా పగులుతుంది.

ఒళ్లు వంగడానికి

దొర్లించి లేచి వెళ్లిపోతే వచ్చిన వదులు వచ్చినట్టే పోతుంది. గొంతుక్కూర్చుంటే మడమలు లేచిపోతున్నాయా? అయితే చీలమండని ముందు కొలవండి. చెప్పులు విప్పి గోడకి ఎదురుగా నిలబడి, బొటనవేలు గోడకి 10 సెం.మీ. దూరంలో పెట్టి, మడమ లేవకుండా మోకాలితో గోడని తాకండి. అందితే పాదం ఒక్కో సెంటీమీటరూ వెనక్కి జరుపుకుంటూ పోండి, అందకపోతే ముందుకి. చివరిగా అందిన దూరం రాసుకోండి. రెండు కాళ్లకీ విడివిడిగా.

ఇప్పుడు పిక్క మీద తొంభై సెకన్లు దొర్లించి, వెంటనే మళ్లీ కొలవండి. కొద్దిపాటి తేడా కనిపిస్తే బిగువు పిక్కలో ఉందన్నమాట. ఏమాత్రం మారకుండా, చీలమండ ముందు వైపు ఏదో అడ్డుపడి నొక్కినట్టుంటే సమస్య కీలులో ఉండొచ్చు. పిక్కని ఎంత దొర్లించినా లాభం ఉండదు, ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకోవాలి.

మారినవాళ్లు ఆ పది నిమిషాల్లోనే గోడకి చేతులు ఆనించి పిక్క స్ట్రెచ్ ముప్పై సెకన్ల చొప్పున రెండుసార్లు చేయండి. తర్వాత కిటికీ ఊచ పట్టుకుని గొంతుక్కూర్చుని, మడమలు నేలకి ఆనించి ఐదు ఊపిర్లు ఉండి లేవండి, పదిసార్లు. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు. వారానికొకసారి అదే గోడ దగ్గర కొలత. బాసింపట్టు వేసుకోలేనివాళ్లు పిరుదులు, లోపలి తొడలతో ఇదే వరస పాటించాలి.

ఎప్పుడు, ఎంత

ఆటకో నడకకో ముందైతే ఒక్కో కండకి ముప్పై నుంచి నలభై ఐదు సెకన్లు, తేలికగా. తర్వాత ఐదు నిమిషాలు కాళ్లు చేతులు ఆడించే వార్మప్ ఉండాల్సిందే, రోలర్ దానికి బదులు కాదు. అయిపోయాకైతే ఒక్కో కండకి తొంభై సెకన్ల దాకా, ఊపిరి నిదానించాక. మే నెల ఎండల్లో ఆడి వచ్చినప్పుడు ముందు నీళ్లు, మజ్జిగ తాగి, చెమట ఆరాక మొదలుపెట్టండి. ఒంట్లో నీరు తగ్గి అలసి ఉన్నప్పుడు రోలర్ మీద పిక్క పట్టేసి మెలితిరిగే అవకాశం ఎక్కువ.

కొత్తవాళ్లు మొదటి వారం రోజు విడిచి రోజు, పిక్కలు, తొడ ముందు భాగం, వీపు మాత్రమే చేయాలి. మొత్తం ఎనిమిది నిమిషాలు. మర్నాడు నొక్కితే కాస్త సున్నితంగా అనిపించడం మామూలే. నీలంగా కమిలినా, రెండో రోజుకి కూడా నొప్పి తగ్గకపోయినా బరువు ఎక్కువైందని అర్థం. అది పూర్తిగా మానాక సగం బరువుతో మొదలుపెట్టండి. ఒకే చోట రెండు వారాలకి మించి నొప్పి తిరిగి తిరిగి వస్తుంటే కారణం వేరే దగ్గర ఉంటుంది. అరిగిపోయిన బూట్లు, ఒక్కసారిగా పెంచిన దూరం, కూర్చునే తీరు చూసుకోవాలి.

రోలర్‌ని చూసుకోవడం

వాడాక తడి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. వారానికోసారి సబ్బు నీళ్లు చాలు. స్పిరిట్, థిన్నర్ తగిలితే ఫోమ్ పైపొర పెళుసవుతుంది. వేసవిలో కారు డిక్కీలో, డాబా మీద వదిలేయొద్దు. ఆ వేడికి ఈవీఏ మెత్తబడి కుంచించుకుపోతుంది, గొట్టం నుంచి గమ్ము వదులుతుంది. నిలబెట్టి ఉంచండి. పడుకోబెట్టి పైన బరువు పెడితే ఒక పక్క చదునవుతుంది. నేల మీద తోసినప్పుడు టకటకమని ఎగురుతున్నా, ఫోమ్ గొట్టం మీద తనంతట తాను తిరుగుతున్నా, బొటనవేలి గుంట పూడకపోయినా దాన్ని మార్చేయాలి.